ముక్క పరీక్షలో ఐహెచ్‌సీ: చేత్తో చేసేవాళ్ల కోసం

ఫార్మలిన్‌లో ఎన్నింటికి వేశారో రాయని సీసా మా టేబుల్ మీదికి వస్తే నేను ముందు ఫోన్ అందుకుంటాను. గ్రాసింగ్ (ముక్కని చూసి, కొలిచి, పరీక్షకి కోసి సిద్ధం చేయడం) ఆ తర్వాతే. ముక్క ఎన్నింటికి తీశారు, ఫార్మలిన్‌లో ఎన్నింటికి పడింది అని అడుగుతాను. అవతల ఆపరేషన్ థియేటర్ సిస్టర్ విసుక్కుంటుంది: "జాతకం రాయిస్తున్నారా అండీ, టైముతో సహా అడుగుతున్నారు?" ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, ముక్కలో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో యాంటీబాడీతో రంగు తెప్పించి చూసే పరీక్ష) వరకు అది జాతకమే. ఆ రెండు టైములూ తెలియకపోతే తర్వాత స్లైడ్ తెల్లగా వచ్చినప్పుడు గడ్డలో ప్రోటీన్ లేదో, మనమే పోగొట్టామో తేల్చుకోలేం.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక చిన్న ల్యాబులో హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ని. పెద్ద ఆస్పత్రుల్లో స్లైడ్లు పెట్టి బటన్ నొక్కితే అన్నీ అదే చేసి ఇచ్చే ఆటోస్టెయినర్లు ఉన్నాయి. మా దగ్గర ఒక స్టీలు కుక్కర్, పిపెట్లు, టైమర్ ఉన్నాయి. బీఎస్సీ ఎంఎల్‌టీ చేసి కొత్తగా చేరిన పిల్లలకి పని చేస్తూ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి రొమ్ము గడ్డలోంచి సూదితో తీసిన ముక్కనే తీసుకుందాం. మాకు ఎక్కువగా వచ్చేది అదే. ఈఆర్, పీఆర్, హెర్-2, కేఐ-67 నాలుగూ చేయమని ఫారం మీద రాసి వస్తుంది. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లని పట్టుకునే ప్రోటీన్లు, హెర్-2 కణం పెరుగుదలని నడిపే ప్రోటీన్, కేఐ-67 విభజన చెందుతున్న కణాల్లో కనిపించేది.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ (హీమటాక్సిలిన్, ఇయోసిన్) రంగులో కణాల ఆకారం, అమరిక కనిపిస్తాయి. ఆ కణంలో ఫలానా ప్రోటీన్ ఉందా, ఉంటే ఏ భాగంలో ఉంది అనేది అందులో కనిపించదు. అందుకని ఆ ప్రోటీన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని సెక్షన్ (ముక్కలోంచి కోసిన పలచటి పొర) మీద పోసి, అది పట్టుకున్న చోట రంగు తెప్పిస్తాం. 1941లో ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి ఫ్లోరసెంట్ రంగు తగిలించి ఈ దారి తెరిచాడు. 1966లో నకానే, పియర్స్ రంగు బదులు ఎంజైమ్ తగిలించారు. దాంతో ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ లేని మాలాంటి ల్యాబులు కూడా మామూలు మైక్రోస్కోప్‌తో పని నడుపుకోగలుగుతున్నాయి. ఇప్పుడు మేం వాడేది పాలిమర్ కిట్. ఎలుకలోనో కుందేలులోనో తయారైన మొదటి యాంటీబాడీ వెళ్లి ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ, బోలెడంత పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ని వెంటేసుకుని పాలిమర్ మీద వస్తుంది. పైన డాబ్ అనే రసాయనం పోస్తే ఎంజైమ్ ఉన్నచోట గోధుమరంగు పేరుకుంటుంది.

చదవడానికి ఇంతే. చేయడానికి రోజు పడుతుంది.

సీసాలోనే సగం తేలిపోతుంది

ముక్క ఒంట్లోంచి బయటపడిన క్షణం నుంచి అందులో ప్రోటీన్లు పాడవడం మొదలవుతుంది. గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. రొమ్ము ముక్క ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలని అమెరికాలోని క్లినికల్ ఆంకాలజీ, పాథాలజీ సంఘాలు కలిసి పెట్టిన నియమం. మేమూ దాన్నే పట్టుకుంటాం.

సూది ముక్క అగ్గిపుల్ల కన్నా సన్నగా ఉంటుంది కదా, రెండు గంటలు చాలదా అని కొత్తవాళ్లందరూ అడుగుతారు. చాలదు. ఫార్మలిన్ లోపలికి తొందరగానే ఇంకుతుంది. అది ప్రోటీన్లతో కలిసి వాటిని ఒకదానికొకటి కట్టిపడేయడానికి మాత్రం గంటలు పడుతుంది. సాయంత్రం రిపోర్టు కావాలని తొందరపెట్టారని రెండు గంటలకే ప్రాసెసర్‌లో (ముక్కలోంచి నీరు తీసి మైనం ఎక్కించే యంత్రంలో) పెడితే, ఫార్మలిన్ చేయాల్సిన పని కొంత ఆల్కహాల్ చేస్తుంది. ముక్క గట్టిపడుతుంది, హెచ్ అండ్ ఈ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఈఆర్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. తొందరపెట్టేవాళ్లకి నేనిచ్చే జవాబు ఒకటే: "రేపు ఇస్తాను, సరైనది ఇస్తాను."

పెద్ద ముక్కలతో చిక్కు ఇంకోలా ఉంటుంది. శనివారం సాయంత్రం ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తాన్ని బకెట్‌లో వేసి మూతపెట్టి సోమవారం పంపుతారు. లెక్క ప్రకారం 40 గంటలే, 72 దాటలేదు. కానీ కోయకుండా వేసిన రొమ్ములో కొవ్వు దాటి నడిమధ్య గడ్డ దాకా ఫార్మలిన్ చేరేసరికి అక్కడ కుళ్లు మొదలై ఉంటుంది. అందుకే మాకు పంపే థియేటర్లకి చెప్పి పెట్టాం. పంపేలోపు ఆలస్యమయ్యేట్టుంటే మా పాథాలజీ మేడమ్‌కి ఫోన్ చేయాలి, ఆవిడ చెప్పినట్టు సర్జన్ గారే గడ్డ మీదుగా కోత పెట్టి, మధ్యలో గాజుగుడ్డ దూర్చి వేయాలి. ఫార్మలిన్ ముక్కకి కనీసం పదింతలు ఉండాలి. ముక్క మునిగితే చాలనుకోవద్దు. సెలైన్‌లో వేసి పంపినవి, స్పిరిట్‌లో వేసి పంపినవి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అలాంటివాటికి ఆ సంగతి రిపోర్టులో రాయించకుండా నేను ఐహెచ్‌సీ మొదలుపెట్టను.

ఫార్మలిన్ కూడా బఫర్ చేసిందే వాడాలి. బజారులో కొనే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. అది 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఇది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. కుళాయి నీళ్లు కలిపి వాడితే నిల్వలో ఆమ్లం తయారవుతుంది, రక్తం ఎక్కువున్న ముక్కల్లో నల్లటి పొడి లాంటి మచ్చలు వస్తాయి, అవి తర్వాత డాబ్ రంగుతో కలిసి కళ్లని మోసం చేస్తాయి.

ఎముక ముక్కలు వచ్చినప్పుడు నైట్రిక్ యాసిడ్‌లో వేసి ఒక్కరోజులో మెత్తబరచాలనే ఆశ వదులుకోండి. ఎముకతో పాటు యాంటిజెన్లూ (యాంటీబాడీ పట్టుకోవాల్సిన ప్రోటీన్లు) పోతాయి. ఈడీటీఏలో నెమ్మదిగా మెత్తబరచిన ముక్కకే ఐహెచ్‌సీ నమ్మకంగా వస్తుంది. రోజులు పడతాయని ముందే డాక్టరుగారికి చెప్పేయండి.

సెక్షన్

3 నుంచి 4 మైక్రాన్లు. అంతకన్నా మందమైతే ఒకదాని మీద ఒకటి కణాలు పడి, న్యూక్లియస్‌లో ఉన్న రంగో పైన పొరలోదో తెలియదు.

స్లైడ్లు పాజిటివ్ చార్జ్ ఉన్నవి కొనండి, లేదా పాలీ-ఎల్-లైసిన్ పూసినవి వాడండి. మామూలు స్లైడ్ మీద సెక్షన్ కుక్కర్‌లోంచి తిరిగి రాదు. హెచ్ అండ్ ఈకి అలవాటుగా కొందరు వాటర్ బాత్‌లో జెలటిన్ వేస్తారు, స్లైడ్ మీద గుడ్డు తెల్లసొన రాస్తారు. చార్జ్ ఉన్న స్లైడ్‌కి ఇవి రెండూ పనికిరావు. ఆ చార్జ్‌ని కప్పేస్తాయి, పైగా బ్యాక్‌గ్రౌండ్‌లో రంగు తెస్తాయి. వాటర్ బాత్‌లో రోజూ కొత్త డిస్టిల్డ్ వాటర్ పోయండి. మా ఊళ్లో బోరు నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో అంచు చుట్టూ ఉప్పు కడుతుంది, ఆ ఉప్పే సెక్షన్ కిందికీ చేరుతుంది.

సెక్షన్ ఎత్తాక స్లైడ్‌ని నిలువుగా పెట్టి కింద నీరంతా కారనివ్వాలి. ఆ తర్వాతే 60 డిగ్రీల ఓవెన్‌లో గంట, లేదా 37 డిగ్రీల్లో రాత్రంతా. కింద నీరు చిక్కుకున్న సెక్షన్ వేడికి బుడగలా లేస్తుంది. రొమ్ము ముక్కలో కొవ్వు ఎక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం. రాత్రి బేకింగ్ నాకిష్టం, కాకపోతే మేలో కరెంటు పోయే రాత్రుల్లో ఓవెన్‌ని నమ్మను, పొద్దున్నే గంట పెడతాను.

కత్తిరించిన సెక్షన్లు నెలల తరబడి డబ్బాలో దాచి వాడకండి. గాలి తగిలి యాంటిజెన్ తగ్గిపోతుంది. ఆరు వారాలు దాటిన స్లైడ్ నేను ముట్టుకోను, బ్లాక్ (ముక్కని మైనంలో పోత పోసిన దిమ్మ) తీసి మళ్లీ కోస్తాను.

ఇక్కడే ఒక చిన్న పని చేస్తే తర్వాత సగం అనుమానాలు తీరిపోతాయి. స్లైడ్‌కి లేబుల్ వైపు కంట్రోల్ ముక్క (ఆ ప్రోటీన్ ఉందని ముందే తెలిసినది), కింద పేషెంట్ ముక్క, రెండూ ఒకే స్లైడ్ మీద ఎక్కించండి. కంట్రోల్‌ని వేరే స్లైడ్ మీద పెడితే, దాని మీద యాంటీబాడీ వేయడం గుర్తుండి పేషెంట్ స్లైడ్ మీద మరిచిపోతే మీకు ఎప్పటికీ తెలియదు. ఒకే స్లైడ్ మీద ఉంటే రెంటికీ పడ్డది ఒకటే చుక్క.

కుక్కర్

ఫార్మలిన్ ప్రోటీన్లని ఒకదానికొకటి కట్టేసింది కదా. ఆ కట్ల వెనక యాంటిజెన్ దాక్కుని ఉంటుంది, యాంటీబాడీకి అందదు. 1991లో షాన్-రోంగ్ షి, ఆయన తోటివాళ్లు పారఫిన్ (మైనం) సెక్షన్లని మైక్రోవేవ్‌లో మరిగించి ఆ కట్లని వదిలించవచ్చని చూపించారు. అంతకుముందు తాజాగా గడ్డకట్టించిన ముక్కల మీద మాత్రమే పనిచేసిన యాంటీబాడీలు చాలా ఉండేవి. కేఐ-67 కథ అదే. 1980ల మొదట్లో జర్మనీలోని కీల్ నగరంలో పుట్టింది కాబట్టి కేఐ, ప్లేటులో 67వ గుంటలోని క్లోన్ (ఒకే రకం యాంటీబాడీని తయారుచేసే కణాల వంశం) కాబట్టి 67. ఆ అసలు యాంటీబాడీకి ఫ్రోజెన్ సెక్షన్ కావాల్సి వచ్చేది. పారఫిన్ మీద మనం ఇప్పుడు చేస్తున్నది తర్వాత వచ్చిన ఎంఐబీ-1 లాంటి క్లోన్లతో, అదీ మరిగించాకే.

ముందు మైనం వదిలించాలి. జైలీన్‌లో రెండుసార్లు ఐదేసి నిమిషాలు, అబ్సల్యూట్ ఆల్కహాల్ రెండుసార్లు, తర్వాత 95, 70 శాతం, చివరికి నీళ్లు. జైలీన్ పాతదైతే స్లైడ్ మీద మైనం అక్కడక్కడ మిగిలి, రంగు ద్వీపాల్లా వస్తుంది. ఇక్కడి నుంచి చివర డీహైడ్రేషన్ దాకా సెక్షన్ ఒక్క క్షణం కూడా ఆరకూడదు. ఈ మాట నేను రోజూ చెబుతాను, పిల్లలు నవ్వుకుంటారు.

బఫర్లు రెండు చాలు. ఒకటి సిట్రేట్, పీహెచ్ 6.0: ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, పీహెచ్ మీటరు చూస్తూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. రెండోది ట్రిస్-ఈడీటీఏ, పీహెచ్ 9.0: ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, ఈడీటీఏ డైసోడియం ఉప్పు 0.37 గ్రాములు లీటరుకి. రెంటిలోనూ ట్వీన్-20 అనే సబ్బు లాంటి ద్రవం అర మిల్లీలీటరు కలుపుతాం. పీహెచ్ పేపరు వద్దు, మీటరే వాడండి, ఆ మీటరుని కూడా స్టాండర్డ్ ద్రావణాలతో సరిచూసి వాడండి. ఏ యాంటీబాడీకి ఏ బఫర్ అనేది దానితో వచ్చే కాగితంలో ఉంటుంది. మా నాలుగింటికీ 9.0 బాగా వస్తోంది. మీ క్లోన్ వేరైతే మీ లెక్క వేరు.

కుక్కర్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, ఈ పనికి మాత్రమే. టిఫిన్లు వేడి చేసుకోవడానికి వాడే కుక్కర్ ఇటు తేవద్దు, ఇది అటు తీసుకెళ్లొద్దు. బఫర్‌ని ముందు మూత బిగించకుండా మరిగించాలి. మరిగాక స్లైడ్ల ర్యాక్ దించి, మూత, వెయిట్ పెట్టాలి. చల్లటి బఫర్‌లో స్లైడ్లు పెట్టి వేడి చేస్తే ఎంతసేపు వేడెక్కిందో రోజుకో లెక్క అవుతుంది. మూడు విజిల్స్ అని కొలిచేవాళ్లని చూశాను. అన్నానికి సరే. విజిల్ మంటని బట్టి, గాస్కెట్‌ని బట్టి మారుతుంది. ప్రెజర్ నిండి మొదటి ఆవిరి బలంగా వచ్చిన క్షణం టైమర్ నొక్కి, మంట తగ్గించి, 3 నిమిషాలకి కట్టేయండి. 3 అనేది మా కుక్కర్‌కి కంట్రోల్ ముక్కల మీద చూసుకుని ఖాయం చేసుకున్న అంకె, మీది మీరు చూసుకోవాలి. కుక్కర్ భయమైతే 95 నుంచి 98 డిగ్రీల వాటర్ బాత్‌లో 20 నిమిషాలు, కొన్నిటికి 40. అది నెమ్మదిగా, మర్యాదగా పనిచేస్తుంది, సెక్షన్లు తక్కువ ఊడతాయి.

కట్టేశాక కుక్కర్ మీద కుళాయి నీళ్లు వదిలి ప్రెజర్ దించండి. వెయిట్ కదిపి ఆవిరి పోయిందని తేలాకే మూత. స్లైడ్లని వేడిగా ఉండగా పైకి లాగొద్దు, గాలి తగిలిన క్షణంలో ఆరిపోతాయి. ఆ బఫర్‌లోనే 20 నిమిషాలు చల్లారనివ్వాలి.

హెర్-2 దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు. ఎక్కువ మరిగిస్తే మామూలు నాళాల కణాల చుట్టూ కూడా రంగు వచ్చి, లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. కిట్‌లో ఏం రాశారో అదే.

పోయడం, కడగడం

ముక్క చుట్టూ పాప్ పెన్‌తో గీత గీస్తే పోసిన చుక్క అక్కడే నిలుస్తుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు. ఎర్ర రక్తకణాలు కూడా పెరాక్సిడేజ్ లాగే ప్రవర్తిస్తాయి, ముందు వాటి నోరు కట్టేయకపోతే తర్వాత డాబ్‌తో అవీ గోధుమరంగు తేలతాయి. కడిగి, కిట్‌లోని ప్రోటీన్ బ్లాక్ 10 నిమిషాలు. దాన్ని కడగకుండా ఒంపేసి మొదటి యాంటీబాడీ వేస్తాం.

కడగడానికి ట్రిస్ బఫర్డ్ సెలైన్, పీహెచ్ 7.6, అందులో ట్వీన్-20 0.05 శాతం. మూడుసార్లు, మూడేసి నిమిషాలు. సెక్షన్ మీద నేరుగా ధార వదలకండి, పైన వదిలితే జారి కిందికి రావాలి. వాష్ బఫర్‌లో బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలిపే అలవాటున్న ల్యాబులున్నాయి. అజైడ్ పెరాక్సిడేజ్‌ని చంపేస్తుంది. కలపకండి, కొద్దికొద్దిగా కొత్తది చేసుకోండి.

కాన్సంట్రేట్ సీసా వేలల్లో ఉంటుంది కాబట్టి డైల్యూషన్ మీద శ్రద్ధ పెట్టాలి. కంపెనీ కాగితంలో 1:100 అని ఉంటే నేను కంట్రోల్ ముక్క మీద 1:50, 1:100, 1:200, 1:400 నాలుగూ వేసి చూస్తాను. ఉండాల్సిన చోట బలంగా, ఉండకూడని చోట శుభ్రంగా ఏది వస్తే అది. డబ్బు ఆదా చేద్దామని 1:400కి వెళ్లొద్దు. బలంగా ఉన్న ట్యూమర్లు ఎలాగూ వస్తాయి, సన్నగా ఉన్నవే జారిపోతాయి. అందుకే కంట్రోల్ ముక్కల్లో ఒకటి బలహీనంగా రంగు పట్టేది ఉండి తీరాలి. ఒక్కో స్లైడ్‌కి 150 మైక్రోలీటర్లు అనుకుంటే నాలుగు స్లైడ్లకి 600. 1:100 కావాలంటే 6 మైక్రోలీటర్ల యాంటీబాడీ, 594 డైల్యూయెంట్ (పలచబరిచే ద్రవం). సీసాని వాడే ముందు ఒక్కసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, మూతకి అంటుకున్న చుక్క కూడా కిందికి దిగుతుంది. ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, అక్కడ రోజంతా వేడీ చలీ మారుతూనే ఉంటాయి. కలిపి అమ్మే రెడీ-టు-యూజ్ సీసాల్ని ఫ్రీజ్ చేయొద్దు.

గది వేడిలో గంట, లేదా 4 డిగ్రీల్లో రాత్రంతా. ఇక్కడ "గది వేడి" అంటే 25 డిగ్రీలు, గుంటూరు మే నెల కాదు. ఏసీ లేని గదిలో 38 డిగ్రీలుంటే గంటలో చుక్క అంచుల నుంచి ఆరుతూ వస్తుంది, ఆ అంచు వెంబడే గోధుమ గీత పడుతుంది. మూతున్న ప్లాస్టిక్ పెట్టె, అడుగున తడి టిష్యూ, పైన రెండు గాజు కడ్డీలు, వాటి మీద స్లైడ్లు. పెట్టె సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే రసమట్టంతో చూసుకోండి. వాలుగా ఉంటే చుక్క ఒకవైపుకి జారి, ముక్కలో సగమే రంగు పడుతుంది.

తర్వాత కడిగి, పాలిమర్ 30 నిమిషాలు, మళ్లీ కడిగి డాబ్. డాబ్‌ని అప్పటికప్పుడు కలుపుకోవాలి. మొదటి స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి కంట్రోల్‌ని చూస్తూ ఉండండి, మామూలుగా 5 నిమిషాలు. ఎంత టైము పట్టిందో అంతే టైము ఆ బ్యాచ్‌లో మిగతా స్లైడ్లకీ ఇవ్వాలి. పేషెంట్ ముక్కలో రంగు తక్కువొచ్చిందని దానికి మాత్రం ఇంకో ఐదు నిమిషాలు పొడిగించడం అంటే జవాబు మనమే రాసినట్టు. గ్లవ్స్ లేకుండా డాబ్ ముట్టుకోవద్దు, క్యాన్సర్ కారకం అని అనుమానమున్న రసాయనం. వాడాక సింకులో పోయకండి, బ్లీచింగ్ కలిపి వదిలించుకుందామనీ చూడకండి. పేరు రాసిన వేరే క్యాన్‌లో పోసి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకి ఇవ్వండి.

హీమటాక్సిలిన్ అర నిమిషం నుంచి నిమిషం. నీలం చిక్కనైతే లేత గోధుమరంగు ఈఆర్ న్యూక్లియస్‌లు దాని కింద కనపడకుండా పోతాయి. ఇక్కడ మాత్రం మా బోరు నీళ్లు పనికొస్తాయి, క్షారం ఎక్కువ కాబట్టి నీలం చక్కగా తేలుతుంది. తర్వాత ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అంటించే జిగురు), కవర్‌స్లిప్.

చూడటం

రిపోర్టు రాసేది మేడమ్. కానీ ఆవిడ టేబుల్ మీద పెట్టే ముందు ప్రతి స్లైడ్ నేను చూస్తాను. ముందు కంట్రోల్. అది సరిగా లేకపోతే పేషెంట్ ముక్క వైపు లెన్స్ జరపను. జరిపితే కన్ను దాన్ని నమ్మేస్తుంది.

ఏ ప్రోటీన్ ఎక్కడ ఉండాలో తెలిసి ఉండాలి. ఈఆర్, పీఆర్, కేఐ-67 న్యూక్లియస్‌లో. హెర్-2 కణం చుట్టూ పొరలో, వల పరిచినట్టు. సైటోకెరటిన్ సైటోప్లాజమ్‌లో. ఎస్-100 న్యూక్లియస్‌లోనూ సైటోప్లాజమ్‌లోనూ. చోటు తప్పిన గోధుమరంగుకి విలువ లేదు. ఈఆర్ స్లైడ్ అంతా గోధుమరంగే, న్యూక్లియస్‌లు మాత్రం నీలంగా ఉంటే అది పాజిటివ్ కాదు.

రొమ్ము ముక్కలో మనకి దొరికే వరం, గడ్డ పక్కన మిగిలిన మామూలు నాళాలు. వాటిలో లోపలి వరస కణాలు కొన్ని ఈఆర్‌కి రంగు పట్టాలి, అన్నీ కాదు, అక్కడక్కడ. బయటి వరస మయోఎపిథీలియల్ కణాలు పట్టకూడదు. ల్యాబు కంట్రోల్ బ్రహ్మాండంగా ఉండి, పేషెంట్ సొంత నాళాలు కూడా నీలంగా ఉంటే ఆ స్లైడ్ "నెగెటివ్" కాదు, ఆ ముక్క ఫార్మలిన్ దగ్గర పాడైందని అర్థం. మళ్లీ చేయండి, వేరే బ్లాక్ ఉంటే అది తీయండి, లేదంటే ఆపరేషన్ ముక్క వచ్చాక చేయమని రాయించండి. ఈఆర్ ఒక శాతం ట్యూమర్ కణాల్లో ఉన్నా పాజిటివే. 1 నుంచి 10 శాతం ఉంటే లో పాజిటివ్ అని విడిగా రాస్తారు. ఆ ఒక్క మాట మీద ఒకావిడ ఏళ్ల తరబడి టామోక్సిఫెన్ (ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే మందు) వేసుకోవాలా వద్దా అన్నది నడుస్తుంది. టామోక్సిఫెన్ ఖరీదైన మందు కూడా కాదు. మన తప్పుడు నెగెటివ్ వల్ల అది అందకుండా పోవడం కన్నా అన్యాయం లేదు.

హెర్-2లో పది శాతానికి మించిన ట్యూమర్ కణాల చుట్టూ పొర పూర్తిగా, ముదురుగా ఉంటే 3 ప్లస్. మధ్యస్థంగా ఉన్న 2 ప్లస్‌ని ఫిష్ పరీక్షకి (కణంలో హెర్-2 జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష) పంపుతారు. ఇందులో మామూలు నాళాలు ఎదురు సాక్ష్యం చెబుతాయి: వాటి చుట్టూ కూడా పొర ముదురుగా వస్తే మనం ఎక్కువ మరిగించాం, లేదా యాంటీబాడీ ఎక్కువైంది. సూది ముక్క అంచుల్లో, నలిగిన చోట్ల, చచ్చిన కణాల్లో కనిపించే రంగుని లెక్కలోకి తీసుకోవద్దు.

కేఐ-67కి టాన్సిల్ మంచి కంట్రోల్. జర్మినల్ సెంటర్లు (కణాలు చురుగ్గా విభజన చెందే గుండ్రటి చోట్లు) గుప్పుమని రావాలి, పైన చర్మం లాంటి పొరలో అడుగు వరసల దగ్గర అక్కడక్కడ రావాలి. లింఫోసైట్లని గుర్తించే సీడీ20, సీడీ3కి కూడా అదే టాన్సిల్ పనికొస్తుంది కాబట్టి ఒక్క బ్లాక్‌ని జాగ్రత్తగా దాచుకోండి.

ప్రతి బ్యాచ్‌లో ఒక స్లైడ్‌కి మొదటి యాంటీబాడీ వేయకుండా డైల్యూయెంట్ మాత్రమే వేయండి. అందులో గోధుమరంగు వస్తే అది యాంటీబాడీ తెచ్చింది కాదు.

రానప్పుడు

అన్నీ తెల్లబోయాయి, కంట్రోల్ కూడా రాలేదు అనుకోండి. వెంటనే యాంటీబాడీ కంపెనీని తిట్టకండి. ఒక గొట్టంలో పాలిమర్ చుక్క, కలిపిన డాబ్ చుక్క వేయండి. క్షణంలో గోధుమరంగు తిరిగితే ఆ రెండూ బతికే ఉన్నాయి. చిక్కు కుక్కర్‌లోనో, మొదటి యాంటీబాడీలోనో, వరస మరిచిపోవడంలోనో ఉంది. రంగు తిరగకపోతే కిట్ గడువు తేదీ చూడండి, బఫర్‌లో ఎవరైనా అజైడ్ కలిపారేమో అడగండి.

అంతా గోధుమరంగే అయితే: ఎక్కడో ఆరింది, లేదా యాంటీబాడీ చిక్కనైంది, లేదా కడగడం తగ్గింది. ఎక్కువసార్లు మొదటిదే. పాత కిట్లలో బయోటిన్ పద్ధతి వాడేవాళ్లకి లివర్, కిడ్నీ ముక్కల్లో ఆ కణాల సొంత బయోటిన్ రంగు పట్టి ముప్పుతిప్పలు పెడుతుంది. పాలిమర్‌కి మారితే ఆ బాధ ఉండదు.

మెలనోమా ముక్కల్లో మెలనిన్ గోధుమరంగే, డాబ్ గోధుమరంగే. అక్కడ డాబ్ బదులు ఎర్రరంగిచ్చే ఏఈసీ వాడతాం. ఒక్క జాగ్రత్త: ఏఈసీ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, కాబట్టి డీపీఎక్స్ వద్దు, నీటితో చేసిన మౌంటింగ్ మీడియా కావాలి.

కొత్త లాట్ సీసా తెరిచిన రోజు పాత లాట్‌తో పక్కపక్కనే అదే కంట్రోల్ మీద వేసి, రెండూ సమానంగా వచ్చాకే పాతది పక్కన పెట్టండి. లాట్ నంబరు, తెరిచిన తేదీ, డైల్యూషన్ పుస్తకంలో రాయండి. ఆరు నెలల తర్వాత ఏదో తేడా వస్తే మీ జ్ఞాపకం కాదు, ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

రెండో అభిప్రాయం కోసం పేషెంట్ బంధువులు హైదరాబాద్ తీసుకెళ్తామని వస్తే రంగేసిన స్లైడ్లు మాత్రమే ఇచ్చి పంపకండి. మేడమ్ సంతకంతో బ్లాక్ కూడా ఇవ్వండి, మన దగ్గర ఒక హెచ్ అండ్ ఈ స్లైడ్ ఉంచుకుని. బ్లాక్‌ని గట్టి డబ్బాలో పెట్టి, ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దని చెప్పండి, మైనం కరుగుతుంది. కవరు మీద ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో పడిన టైము, ఎన్ని గంటలున్నది, వాడిన క్లోన్ పేరు రాయండి. అక్కడ ఆ బ్లాక్ పట్టుకునే టెక్నీషియన్ మీకు ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రాదు.